క్లాసెన్‌కి 23 కోట్లు: ఉంచుకోవాలా, వదిలెయ్యాలా?

పటమట పెవిలియన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బెజవాడలో పది మందిమి కలిసి ఐపీఎల్ మాక్ వేలం, అంటే ఉత్తుత్తి వేలం, పెట్టుకున్నాం. పందేలూ గిందేలూ లేవు. ఆఖరి స్థానంలో మిగిలినాయన మిగతా తొమ్మిది మందికీ బాబాయ్ హోటల్లో టిఫిను పెట్టించాలి, అంతే. ఇద్దరు క్లబ్ కోచ్‌లు, ఒక స్కోరరు జడ్జీలు. తుది పదకొండు, ఇంపాక్ట్ ప్లేయరు (ఆట మధ్యలో దింపే పన్నెండో ఆటగాడు), బెంచి చూసి మార్కులేస్తారు.

రూల్స్ దాదాపు అసలు వేలానివే. 2025 సీజను చివర్లో ఉన్న జట్లు, 125 కోట్ల పర్సు (జట్టు మొత్తానికి ఖర్చు పెట్టగలిగే డబ్బు), 25 మంది, అందులో ఫారిన్ వాళ్లు 8 మందికి మించకూడదు. ఆర్‌టీఎం (వదిలిన ఆటగాణ్ని వేలంలో పలికిన రేటుకి వెనక్కి తీసుకునే హక్కు) లేదు. షమీ సన్‌రైజర్స్ నుంచి లక్నోకి వెళ్లిన ట్రేడు (వేలం లేకుండా జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) మాత్రం నిజంగా జరిగినట్టే తీసుకున్నాం. రిటెన్షన్ లిస్టులు (ఎవర్ని ఉంచుకుంటున్నామో ఆ పేర్లు) కవర్లలో పెట్టి ఆదివారం ఒకేసారి విప్పుతాం.

నా వంతుకి సన్‌రైజర్స్ వచ్చింది. అందులో దక్షిణాఫ్రికా హిట్టరు క్లాసెన్ జీతం 23 కోట్లు. 2025లో 487 పరుగులు చేశాడు, భాగిస్తే పరుగుకి 4 లక్షల 72 వేలు పడుతోంది. జట్టేమో ఆరో స్థానంతో సరిపెట్టుకుంది. 2026 జులైకి ఆయనకి 35 నిండుతాయి. వదిలేసి వేలంలో తక్కువకి మళ్లీ కొనుక్కోమని ఒకరు, ఆ డబ్బుతో ఇద్దరు బౌలర్లొస్తారని ఇంకొకరు చెవిలో జోరీగలా పోరుతున్నారు. ఏది లాభం? లెక్కతో చెప్పండి. "క్లాస్ ప్లేయర్ బ్రో" లాంటి జవాబులొద్దు.

అరండల్‌పేట స్కోరరు

పరుగుకి ఇంత అని భాగించే లెక్క ముందు పక్కన పెట్టండి సార్. ఆ లెక్కన 30 లక్షలకి వచ్చిన అనికేత్ వర్మే జట్టులో అందరికంటే గొప్ప బ్యాటరు. చూడాల్సింది ఒకటే: 23 కోట్లూ, ఒక ఫారిన్ స్థానమూ చేతికొస్తే వాటితో మీకు ఏం దొరుకుద్ది?

అసలు ఆ 23 ఎలా వచ్చిందంటే, 2025 మెగా వేలానికి (జట్లని దాదాపు కొత్తగా కట్టుకునే పెద్ద వేలం) ముందు ఐదుగురు క్యాప్‌డ్ (దేశానికి ఆడిన) ఆటగాళ్లని ఉంచుకుంటే పర్సులోంచి 18, 14, 11, 18, 14 చొప్పున మొత్తం 75 కోట్లు కోసేవాళ్లు. ఆ 75లో ఎవరికెంత ఇవ్వాలన్నది జట్టు ఇష్టం. కమిన్స్‌కి 18, హెడ్‌కీ అభిషేక్‌కీ చెరో 14, నితీశ్ రెడ్డికి 6 ఇచ్చి, మిగిలిన 23 క్లాసెన్‌కి రాశారు. కూడితే సరిగ్గా 75. కాబట్టి అది వేలంలో పలికిన రేటు కాదు, లోపల లోపల సర్దుకున్న అంకె. 2022 డిసెంబరు వేలంలో ఆయన వచ్చింది 5.25 కోట్లకి. అదీ ఇప్పటి రేటు కాదు. బయట ఇప్పుడు ఎంత పలుకుతాడో తేలలేదు, మీ నిర్ణయం అంతా దానిమీదే ఆధారపడి ఉంది.

ఇక పర్సు. సన్‌రైజర్స్ అసలు రిటెన్షన్ లిస్టులో 15 మంది. హెడ్ 14, అభిషేక్ 14, క్లాసెన్ 23, కమిన్స్ 18, ఇషాన్ కిషన్ 11.25, హర్షల్ 8, నితీశ్ 6, ఎషాన్ మలింగ 1.2, కార్స్ 1, ఉనద్కత్ 1, కమిందు 75 లక్షలు, జీషాన్ 40 లక్షలు, అనికేత్, స్మరణ్, హర్ష్ దూబే తలా 30 లక్షలు. మొత్తం 99.5 కోట్లు. చేతిలో 25.5 కోట్లు, పది ఖాళీలు, అందులో ఫారిన్ రెండు. క్లాసెన్‌ని వదిలితే 48.5 కోట్లు, పదకొండు ఖాళీలు, ఫారిన్ మూడు.

48.5 అనగానే కళ్లు మెరుస్తాయి. కానీ 2025 డిసెంబరులో జరిగిన అసలు మినీ వేలంలో (మెగా వేలాల మధ్య జరిగే చిన్న వేలం) కోల్‌కతా 64.3 కోట్లతో, చెన్నై 43.4 కోట్లతో కూర్చున్నాయి. మీరు ఎవరికోసం చెయ్యెత్తినా ఆ ఇద్దరూ ఎత్తుతారు. ఆస్ట్రేలియా ఆల్‌రౌండరు గ్రీన్ 25.20 కోట్లకి పోయింది ఆ పోటీలోనే. మీ మాక్‌లో ఎవరి దగ్గర ఎంత మిగులుద్దో కవర్లు విప్పేదాకా తెలియదు. అందుకే కోల్‌కతా, చెన్నై ఎవరి చేతుల్లో ఉన్నాయో, వాళ్లు ఎవర్ని వదులుతారో ముందే అంచనా కట్టండి. వెంకటేశ్ అయ్యర్ ఒక్కణ్ని వదిలితేనే కోల్‌కతాకి 23.75 కోట్లు వస్తాయి.

ఫారిన్ ఆటగాళ్లకి మినీ వేలంలో 18 కోట్ల హద్దు ఉందని ఎవరో ఒకరు అంటారు, కంగారు పడకండి. ఆ హద్దు ఆటగాడి చేతికొచ్చే డబ్బుకే. పాట ఎంతదాకా పోతే పర్సులోంచి అంతా కోస్తారు, 18 దాటింది బీసీసీఐకి పోద్ది. గ్రీన్‌కి అందేది 18, కోల్‌కతా పర్సులో తగ్గింది 25.20. కాబట్టి "18కి మించి పలకడు కదా, 5 కోట్లు మిగులుద్ది" అన్న లెక్క చెల్లదు.

"వదిలేసి తక్కువకి కొనుక్కో" అనేవాళ్లు చూపించేది వెంకటేశ్ అయ్యర్‌నే. 23.75 నుంచి 7 కోట్లకి పడిపోయాడు, నిజమే. కానీ ఆ 7కి కొన్నది బెంగళూరు, కోల్‌కతా కాదు. వదిలినవాళ్లకి తిరిగి దక్కలేదు. ఇంకోవైపు చెన్నై 13 కోట్ల పేసరు పతిరనని వదిలితే కోల్‌కతా 18 పెట్టింది. ఏ రకం ఆటగాడు ఎటు పోతాడన్నది ఆ వేలంలో అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారనేదాన్ని బట్టి ఉంటుంది. టాపార్డరు బ్యాటర్లు కుప్పలుగా దొరుకుతారు. నాలుగు, ఐదు స్థానాల్లో దిగి స్పిన్నర్ని మొదటి బంతి నుంచే బాదేవాడు, అవసరమైతే కీపింగ్ గ్లవ్స్ వేసుకునేవాడు ఒకరో ఇద్దరో. ఇంగ్లండ్ హిట్టరు లివింగ్‌స్టన్‌నే చూడండి. 2 కోట్ల బేస్ ధరకి మొదటి విడతలో ఎవరూ పిలవలేదు, చివర్లో అదే మనిషికి సన్‌రైజర్స్ 13 కోట్లు పెట్టింది. క్లాసెన్ ఉండగానే అంత పెట్టారంటే, లేకపోతే ఎంతదాకా పోయేవాళ్లో ఊహించుకోండి.

ఇంకో మాట. ఆయన 2025 జూన్‌లోనే అంతర్జాతీయ క్రికెట్‌కి స్వస్తి చెప్పాడు. బోర్డు పిలిచిందని మధ్యలో వెళ్లిపోయే బెడద లేదు. మీ జడ్జీలు అందుబాటుకి మార్కులేస్తే అది కలిసొస్తుంది.

నా ఓటు ఉంచుకోమనే.

కొత్తపేట ఆఫ్‌బ్రేక్

స్కోరరు గారి కూడికలు తప్పుబట్టను. కానీ ఆయన పర్సు మాత్రమే చూశారు, జట్టు చూడలేదు.

క్లాసెన్, కమిన్స్, హెడ్, అభిషేక్. నలుగురికే 69 కోట్లు. 125లో సగానికి పైన. ఇషాన్‌ని కలిపితే 80 దాటింది. మిగిలిన ఇరవై మందిని 45 కోట్లలో తేవాలి. దానివల్ల ఏం జరిగిందో 2025లో చూశాం. రాజస్థాన్ మీద 286 కొట్టి సీజను మొదలెట్టి, ఆ వెంటనే వరసగా నాలుగు ఓడారు. మన విశాఖలో ఢిల్లీ మీద 163కి ఆలౌట్. క్లాసెన్ 19 బంతుల్లో 32 కొట్టాడు, అనికేత్ 74 కొట్టాడు, అయినా చాల్లేదు. ఉప్పల్‌లో ముంబై మీద 35కి 5 వికెట్లు పడ్డాక క్లాసెన్ 44 బంతుల్లో 71 చేసి స్కోరుని 143కి లాక్కొచ్చాడు. ముంబై ఏడు వికెట్ల తేడాతో కొట్టేసింది. అంతకంటే గొప్పగా ఆయన ఏం ఆడాలి? ఆడినా గెలవలేదు. ఎందుకంటే 143ని కాపాడే స్పిన్నరు ఆ జట్టులో లేడు.

స్పిన్నర్లు జంపా, రాహుల్ చాహర్ పోయాక స్పిన్ అంటే జీషాన్ అన్సారీ, హర్ష్ దూబే, అభిషేక్ చేత్తో రెండు ఓవర్లు, కమిందు. ఏడో ఓవరు నుంచి పదిహేనో ఓవరు దాకా తొమ్మిది ఓవర్లు ఎవరితో వేయిస్తారండీ? కోచ్‌లు జడ్జీలైతే మొదట అడిగేది ఇదే.

అసలు వేలంలో స్పిన్నరు బిష్ణోయ్ 7.2 కోట్లు, పతిరన 18 కోట్లు. ఇద్దరూ కలిపి 25.2. క్లాసెన్ 23కి ఇంకో రెండు కోట్లు చేరిస్తే మధ్య ఓవర్లూ, చివరి ఓవర్లూ రెండూ సర్దుకుంటాయి. అంత వద్దనుకుంటే వెస్టిండీస్ స్పిన్నరు అకీల్ హొసేన్ 2 కోట్లకే పోయాడు, మన దగ్గర్నుంచి పోయిన రాహుల్ చాహర్ 5.2 కోట్లకి పోయాడు. వీళ్లిద్దరికీ 7.2 అయిద్ది, 41 కోట్లు ఇంకా చేతిలో ఉంటాయి.

హిట్టర్లని ముద్దు చేయడం మన వాళ్లకి బాగా అలవాటు. బౌలరు 23 కోట్లంటే మాత్రం గుండె ఆగిపోద్ది.

ఏలూరు రోడ్ డాట్‌బాల్

పటమట గారు 487నే పట్టుకున్నారు. దాన్ని విప్పి చూస్తే ఇంకోలా కనబడుతుంది.

487 పరుగులు 282 బంతుల్లో, స్ట్రయిక్ రేటు (వంద బంతులకి పరుగులు) 172.7. అందులో 105 నాటౌట్ మే 25న ఢిల్లీలో కోల్‌కతా మీద, 39 బంతుల్లో. అప్పటికే రెండు జట్లూ ప్లేఆఫ్స్ రేసులో లేవు. అది తీసేస్తే మిగిలింది 12 ఇన్నింగ్స్, 243 బంతులు, 382 పరుగులు. స్ట్రయిక్ రేటు 157, సగటు 35 లోపు. మంచి అంకెలే, కానీ 23 కోట్ల అంకెలా అంటే ఆలోచించాలి. 2024లో 280 బంతుల్లో 479, స్ట్రయిక్ రేటు 171. ఆ ఏడు సెంచరీ లేదు, పరుగులు సీజనంతా పరుచుకుని ఉన్నాయి. మొత్తం ఒకేలా ఉన్నా ఈ రెండు సీజన్లూ ఒకటి కావు.

అలాగని పెద్ద ఇన్నింగ్స్ తీసేసి తిట్టడం కూడా న్యాయం కాదు. ఏ హిట్టరుదైనా బెస్టు ఇన్నింగ్స్ తీసేస్తే అంకెలు పడిపోతాయి. పోల్చేటప్పుడు ఎదుటివాడిది కూడా తీసేసి పోల్చండి.

మీరే చేసుకోవాలంటే క్రిక్‌షీట్ అనే వెబ్‌సైట్‌లో బంతి బంతికీ డేటా ఉచితంగా దొరుకుతుంది. సన్‌రైజర్స్ మ్యాచులు దించుకుని మూడు కోతలు కొయ్యండి. మొదటిది, క్రీజులోకి ఏ ఓవర్లో వచ్చాడు. నాలుగో ఓవర్లో 13కి 4 ఉన్నప్పుడు దిగినవాణ్నీ, పద్నాలుగో ఓవర్లో 160కి 2 ఉన్నప్పుడు దిగినవాణ్నీ ఒకే గాటన కట్టకూడదు. రెండోది, మొదటి పది బంతుల స్ట్రయిక్ రేటు విడిగా. ఫినిషరు (ఇన్నింగ్స్ చివర్లో బాదేవాడు) విలువ అక్కడే తేలుతుంది. ఇరవై బంతులు తిని ఆ తర్వాత బాదేవాళ్లు చాలామందే ఉన్నారు. మూడోది, స్పిన్ మీద ఎంత, పేస్ మీద ఎంత.

ఈ మూడో దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఆ ఫైళ్లలో బౌలరు పేరు ఉంటుంది గానీ స్పిన్నరా పేసరా అన్నది ఉండదు. ఆ కాలమ్ మీరే కట్టుకోవాలి. ఇంకో తంటా: వైడ్లని బ్యాటరు ఆడిన బంతుల్లో కలపకూడదు, నోబాల్‌ని కలపాలి. తిరగేసి కడితే స్ట్రయిక్ రేటు తప్పొస్తుంది, ఎందుకొచ్చిందో అర్థం కాదు. మీరు కట్టిన మొత్తం 282 బంతులకి తేలిందా లేదా చూసుకోండి. తేలకపోతే తప్పు అక్కడే ఉంటుంది.

ఇవన్నీ చేశాక, అవే ఓవర్లలో అదే ఇన్నింగ్స్‌లో అవతలి ఎండ్‌లో ఉన్నవాళ్లు ఎంత వేగంగా ఆడారో పక్కన పెట్టండి. పిచ్ బాగుండి అందరూ 180తో ఆడుతుంటే 172 గొప్పేం కాదు. మిగతావాళ్లు 120 దగ్గర ఈదుతుంటే 150 కూడా బంగారమే.

తెల్లారుజాము బేస్‌బాల్ (గుంటూరు)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఖరీదైన పవర్ హిట్టర్ని ఉంచాలా వద్దా అన్న తగువు బేస్‌బాల్‌లో ప్రతి చలికాలం జరిగేదే. అక్కడి అనుభవంలో మనకి పనికొచ్చేదీ ఉంది, పనికిరానిదీ ఉంది.

2011లో అమెరికాలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు వరల్డ్ సిరీస్ (అక్కడి బేస్‌బాల్ ఫైనల్) గెలిచింది. ఆ డిసెంబరులోనే వాళ్ల హిట్టరు పుజోల్స్‌ని ఏంజెల్స్ అనే ఇంకో జట్టు పదేళ్లకి 24 కోట్ల డాలర్లిచ్చి ఎగరేసుకుపోయింది. కార్డినల్స్ అంత ఇవ్వలేదు. పుజోల్స్ పోయినందుకు పరిహారంగా వచ్చిన డ్రాఫ్ట్ పిక్‌తో (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతు) 2012లో మైకేల్ వాకా అనే పిచ్చర్ని (మన బౌలరు లాంటివాణ్ని) తీసుకుంది. 2013లో ఆ కుర్రాడే లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు), జట్టు మళ్లీ వరల్డ్ సిరీస్‌కి వెళ్లింది. ఏంజెల్స్ మాత్రం పుజోల్స్ ఉన్నన్నాళ్లలో ప్లేఆఫ్స్ చూసింది ఒక్కసారి, 2014లో. అక్కడా ఒక్క మ్యాచ్ గెలవలేదు. చివరికి 2021 మేలో ఒప్పందం పూర్తికాకుండానే వదిలేసింది. కొత్తపేట గారి వాదనకి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఫిలడెల్ఫియా ఉల్టా పని చేసింది. ర్యాన్ హోవార్డ్ 2006లో 58 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టిన మనిషి. పాత ఒప్పందం ఇంకా రెండు సీజన్లు మిగిలుండగానే 2010 ఏప్రిల్లో ఐదేళ్లకి 12.5 కోట్ల డాలర్లు రాసిచ్చారు, 2012 నుంచి అమలు. 2011 అక్టోబరులో ప్లేఆఫ్స్ ఆఖరి బంతికి పరిగెత్తబోయి మడమ నరం తెంచుకున్నాడు. కొత్త ఒప్పందం అప్పటికింకా మొదలే కాలేదు. ఆ ఐదేళ్లలో ఒక్క సీజన్లోనూ 30 హోమ్ రన్లు దాటలేదు. అదే జట్టు 2025 డిసెంబరులో 56 హోమ్ రన్లు కొట్టిన ష్వార్బర్‌తో ఐదేళ్లకి 15 కోట్ల డాలర్లకి మళ్లీ సంతకం పెట్టించుకుంది. ఆయన ఎక్కువగా ఆడేది డిజిగ్నేటెడ్ హిట్టరుగా. అంటే ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ ఒక్కటే.

ఇప్పుడు తేడా చూడండి. బేస్‌బాల్‌లో హిట్టర్ని వదిలెయ్యడానికి అసలు కారణం ఈ ఏడాది రేటు కాదు, ఆరో ఏటో ఏడో ఏటో ముసలాడికి కూడా అంతే ఇవ్వాల్సి రావడం. ఒప్పందం గ్యారంటీ. ఐపీఎల్‌లో ఆ బాధే లేదు. ప్రతి నవంబరులోనూ వదిలెయ్యొచ్చు, 2027 తర్వాత ఎలాగూ మళ్లీ మెగా వేలం. క్లాసెన్ 38 ఏళ్లకి ఎలా ఆడతాడన్నది మీకు అనవసరం. 34లో ఎలా ఆడతాడన్నదే కావాలి. కాబట్టి పుజోల్స్ కథ చెప్పి క్లాసెన్‌ని వదిలించడం కుదరదు.

పనికొచ్చేది ఇంకోటుంది. వయసు మీదపడే హిట్టరు ముందు పోగొట్టుకునేది బలం కాదు, వేగం. ఫాస్ట్ బాల్‌కి బ్యాటు అందదు. అందుకే 2024 నుంచి అక్కడ బ్యాట్ స్పీడ్ అంకెలు అందరికీ కనబడేలా పెడుతున్నారు. క్రికెట్‌లో ఆ అంకె మనకి దొరకదు, కంటితో చూడాల్సిందే. 140 దాటిన బంతి ఒంటి మీదకి వచ్చినప్పుడు పుల్ షాట్ మిడ్‌వికెట్ వైపు పోతోందా, టాప్ ఎడ్జి లేచి ఫైన్ లెగ్ వైపు పోతోందా? రెండోది ఎక్కువైతే రోజులు దగ్గర పడ్డట్టే. కోల్‌కతా హిట్టరు రస్సెల్ 2024లో 222 పరుగులు, 2025లో 167. కోల్‌కతా నవంబరులో వదిలేసింది, నెల తిరక్కుండానే ఆయన ఐపీఎల్‌కే దణ్నం పెట్టేశాడు. క్లాసెన్‌లో నాకైతే ఆ జాడ ఇంకా కనబడలేదు. స్పిన్ మీద బతికే హిట్టరు కాబట్టి పేస్ తగ్గినా కొన్నాళ్లు నెట్టుకొస్తాడు.

పటమట పెవిలియన్

బాగా విడమరిచి చెప్పారు, అందరికీ థ్యాంక్స్. డాట్‌బాల్ గారు చెప్పినట్టు కడితే నాకూ 282 వచ్చింది. ఒకటే మిగిలింది. మా రూల్స్‌లో వేలానికి ముందు ట్రేడు చేసుకోవచ్చు. వదలకుండా, ట్రేడులో పెట్టి స్పిన్నర్ని లాగితే ఎలా ఉంటుంది? జీతం కూడా తగ్గించుకోవచ్చని మాలో ఒకాయన అంటున్నాడు.

అరండల్‌పేట స్కోరరు

తగ్గించొచ్చు, కానీ ఆటగాడు ఒప్పుకోవాలి. సంజూ చెన్నైకి, జడేజా, శామ్ కరన్ రాజస్థాన్‌కి మారినప్పుడు జడేజా జీతం 18 నుంచి 14కి దిగింది. మాక్‌లో క్లాసెన్ తరఫున ఒప్పుకునేది ఎవరు? ఆ రూలు ముందు తేల్చుకోండి, లేకపోతే వేలంపాట కాస్తా పంచాయితీ అయిద్ది. జీతం తగ్గకుండా ట్రేడు చేస్తే అవతలాయన పర్సులో 23 కోట్లు పోతాయి. అంత ఖాళీ ఉన్నవాడు కోల్‌కతా, చెన్నై చేతిలో ఉన్నవాళ్లే. బదులుగా వాళ్ల దగ్గరున్న మంచి స్పిన్నర్ని, అంటే వరుణ్ చక్రవర్తినో నూర్ అహ్మద్‌నో, ఇవ్వరు.

ఫారిన్ స్థానాల సంగతి కూడా చూసుకోండి. ఆటలో ఏ క్షణంలోనూ నలుగురికి మించి ఉండకూడదు. పదకొండులో నలుగురితో దిగితే ఇంపాక్ట్ ప్లేయరు మనవాడే అవ్వాలి. హెడ్, క్లాసెన్, కమిన్స్ ఖాయమైతే మిగిలేది ఒక్క స్థానం. అందులో 13 కోట్ల లివింగ్‌స్టన్‌ని పెడితే మలింగ, కార్స్ ఇద్దరూ బెంచి మీదే. అందుకని అసలు సన్‌రైజర్స్ చేసింది మీరు చెయ్యొద్దు. క్లాసెన్‌ని ఉంచండి, లివింగ్‌స్టన్ జోలికి పోకండి. ఆ డబ్బు దేశీ స్పిన్నరు మీద పెట్టండి.

నా లెక్క ఇదీ. 25.5 కోట్లలో బిష్ణోయ్‌కి 10 దాకా వెళ్లండి, అసలు వేలంలో పలికిన దానికంటే దాదాపు మూడు ఎక్కువ. దొరక్కపోతే చాహర్‌కి 6 దాకా. హొసేన్‌కి 3. మిగిలినదాంట్లో ఏడెనిమిది మంది దేశీ కుర్రాళ్లు 30 లక్షల చొప్పున వచ్చేస్తారు. ఇంకా చేతిలో ఉంటే ఒక బ్యాకప్ పేసరు. పర్సు చాలదనిపిస్తే వదలాల్సింది క్లాసెన్‌ని కాదు, హర్షల్‌ని. 8 కోట్లు వస్తాయి.

కొత్తపేట ఆఫ్‌బ్రేక్

హర్షల్ 2025 సీజన్లో 16 వికెట్లు తీశాడు సార్. మళ్లీ బౌలరు మీదే పడ్డారు చూశారా! సరే, క్లాసెన్‌ని ఉంచితే ఉంచండి. హర్షల్‌ని మాత్రం కదపకండి, చివరి నాలుగు ఓవర్లకి అంత బాగా స్లో బంతి వేసేవాడు ఆ జట్టులో ఇంకొకడు లేడు. బిష్ణోయ్ పేరు వచ్చినప్పుడు 5 కోట్ల దాకా నోరు మెదపకండి. మొదటి చెయ్యి మీరే ఎత్తితే స్పిన్నరు లేని జట్టు మీదేనని తొమ్మిది మందికీ తెలుసు కాబట్టి రేటు పనిగట్టుకుని పెంచుతారు.